నగరమును చుట్టిన బాట

ఇంగ్లండు ఆగ్నేయ తీరమున డోవరు అను రేవు కలదు. ఐరోపా ఖండమునుండి ఓడలలో వచ్చిన లారీలు అచ్చట దిగి, బర్మింగుహాము, మాంచెస్టరు మొదలగు పారిశ్రామిక నగరములకు పోవలెను. ఈ లారీలకు లండనులో పని యేమియు లేదు. అయినను చాలకాలము వాటిలో పెక్కింటికి లండను వీధులు తప్పలేదు. కారణము చాల పాతది. సుమారు రెండువేల యేండ్ల క్రిందట ఆ దేశమును ఏలిన రోమనులు థేమ్సు నదిపై లండనువద్ద వంతెన కట్టి, తమ ముఖ్యమైన రహదారులను అచ్చటికి చేర్చిరి. తరువాతి కాలపు బాటలును అదే జాడలో నడచినవి. బండిచక్రపు ఆకులన్నియు నడిమి బొడ్డులో కూడినట్లు, దేశపు బాటలన్నియు లండనులో కూడినవి. అయితే ఈ చక్రమునకు ఆకులే కాని చుట్టును పట్టా లేదు. ఒక ఆకునుండి మరియొక ఆకునకు పోవలెనన్న, బొడ్డులోనికి దిగి మరల పైకి ఎక్కవలసినదే.

ఆ లేని పట్టాను అమర్చుటయే వలయ రహదారి నిర్మాణము. మన వాడుకలో దీనినే రింగు రోడ్డు అందుము. లండనులో ఆలోచన పుట్టినది మొదలు ఈ పని ముగియుటకు ఏబది యేండ్లు పట్టినది. ముగిసినదని అందరును అనుకొన్న నాటినుండి రెండవ పని మొదలయినది. దానికి నేటికిని ముగింపు లేదు.

గోడలున్న నగరములు, లేని నగరములు

నగరము చుట్టును బాట అను భావము కొన్నిచోట్ల కోటగోడలనుండి పుట్టినది. వియన్నా నగరపు పాత గోడలను పడగొట్టుటకు 1857లో చక్రవర్తి ఫ్రాన్సిస్ జోసెఫ్ ఉత్తరువు చేసెను. ఆ గోడలును వాటి వెలుపలి ఖాళీ నేలయు పోయినచోట విశాలమైన వలయవీధి వెలసి, 1865లో ప్రారంభమయినది. పారిసు నగరము చుట్టును 1841 - 1844 సంవత్సరముల నడుమ కట్టిన గోడను 1919 మొదలు తొలగించిరి. తరువాతి కాలమున ఇంచుమించు ఆ జాడవెంటనే 35 కి.మీ. వలయ రహదారిని నిర్మించి, 1973లో పూర్తిచేసిరి.

ఈ నగరములకు ఒక సౌకర్యము కలదు. ప్రాకారము నిలిచియున్నంతకాలము దాని వెలుపల ఇండ్లు కట్టనీయలేదు. కావున బాటకు వలసిన నేల వలయాకారముననే సిద్ధముగా దొరకినది. లండను సంగతి వేరు. దాని రోమనుల నాటి గోడను నగరము ఏనాడో మ్రింగివేసి, అన్ని దిక్కులకును ఊళ్లను కలుపుకొనుచు పెరిగినది. అచ్చట వలయము గీయవలెనన్న పటముపై వృత్తలేఖినితో గీసినంత సులభము కాదు. గీత పోయిన ప్రతిచోటను ఎవరిదో ఇల్లుండును.

గీతను ఎంత దూరమున గీయవలెను?

ఈ ప్రశ్నలో విద్యార్థులు చేయదగిన చిన్న లెక్క యున్నది. నగరమును ఒక వృత్తమనుకొందము. అంచున ఒకచోట ప్రవేశించి, కేంద్రము మీదుగా వెలుపలికి పోయిన బండి నడచిన దూరము ఎల్లప్పుడును వ్యాసార్థమునకు రెండు రెట్లు. అంచు వెంబడి పోయిన బండి నడచు దూరము, ఆ రెండు స్థలములకును కేంద్రమువద్ద ఏర్పడు కోణమును బట్టి మారును. ఆ కోణము రెండు రేడియనులు, అనగా సుమారు 115 డిగ్రీలు అయినపుడు రెండు దూరములును సమానము. కోణము అంతకంటె చిన్నదైనచో చుట్టుదారియే దగ్గర. సరిగా ఎదుటి అంచునకు పోవలెనన్న మాత్రము నడిమిదారి రెండు వ్యాసార్థములు, చుట్టుదారి 3.14 వ్యాసార్థములు.

లండను వలయము పొడవు 188 కి.మీ. దానిని సరియైన వృత్తముగా భావించినచో వ్యాసార్థము సుమారు 30 కి.మీ. అగును. ఎదుటి అంచునకు నడిమిదారి 60 కి.మీ.; చుట్టుదారి 94 కి.మీ. అయినను వీధులలో గంటకు 30 కి.మీ. వేగముతో పోవు బండికి రెండు గంటలు పట్టును. వలయముపై గంటకు 100 కి.మీ. వేగముతో పోవు బండికి గంటయైనను పట్టదు. అనగా చుట్టుదారి గొప్పదనము దూరము తగ్గించుటలో కంటె వేగము నిలుపుటలో నున్నది. వేగము నిలువనినాడు ఆ గొప్పదనమును నిలువదు. ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

మరియొక లెక్క. వ్యాసార్థమును ఒక కిలోమీటరు పెంచిన ప్రతిసారియు బాట పొడవు 6.28 కి.మీ. పెరుగును. కేంద్రమునకు 6 కి.మీ. దూరమున గీసిన వలయము 38 కి.మీ.తో సరిపోవును. 30 కి.మీ. దూరమున గీసినదానికి 188 కి.మీ. కావలెను. దగ్గరి వలయము పొట్టిది, కాని ఇండ్లను కూల్చవలెను. దూరపు వలయము పొడుగైనది, కాని పొలములమీదుగా పోవును. వలయ రహదారుల చరిత్రలోని తగవులన్నియు ఈ రెండింటి నడుమనే నడచినవి.

నాలుగు వలయములు, నిలిచినది ఒకటి

1937 నాటి రహదారుల సర్వేలో సర్ చార్లెస్ బ్రెస్సీ లండను చుట్టును వలయమార్గమును సూచించెను. రెండవ ప్రపంచయుద్ధపు బాంబులతో నగరము దెబ్బతిని యున్న కాలమున, 1944లో, నగర నిర్మాణ శాస్త్రజ్ఞుడు పాట్రిక్ అబర్‌క్రాంబీ బృహత్ లండను ప్రణాళికను సిద్ధముచేసెను. అందు ఒకదాని వెలుపల ఒకటిగా ఐదు వలయములు కలవు. నగరము చుట్టును ఇండ్లు కట్టకూడని హరిత మేఖలయు ఆ ప్రణాళికలో ముఖ్యభాగమే. యుద్ధానంతరము ధనము కొరవడుటచే వలయములు కాగితముపైననే నిలిచినవి.

1960 తరువాత మోటారుకార్లు విపరీతముగా పెరిగినవి. 1965లో ఏర్పడిన బృహత్ లండను మండలి, కేంద్ర ప్రభుత్వము కలిసి, నాలుగు వలయముల పథకమును ముందుకు తెచ్చిరి. వీటిలో లోపలి వలయము జనము క్రిక్కిరిసి యున్న పేటలమీదుగా పోవలసియుండెను. వేలకొలది కుటుంబములు ఇండ్లు విడువవలసివచ్చును.

ఆ పథకపు అర్థమేమో జనులకు 1970లో కండ్లకు కట్టినది. ఆ సంవత్సరమున పశ్చిమ లండనులో వెస్ట్‌వే అను ఎత్తైన బాటను తెరచిరి. స్తంభములపై సాగిన ఆ బాట కొన్ని ఇండ్ల పైఅంతస్తు కిటికీలకు అతి సమీపముగా పోయినది. లోపలి గదులలోనికి పగలు రాత్రి లారీల మ్రోత వచ్చిపడినది. ఆ యింటివారు కిటికీలకు నిరసన పతాకములు కట్టిరి. బాటలకంటె ఇండ్లు ముందు అను నినాదము నగరమంతట వ్యాపించి, ఎన్నికల వరకు పోయినది. 1973లో మండలి ఎన్నికలలో ప్రతిపక్షమైన లేబరు పార్టీ గెలిచి, లోపలి వలయములను రద్దుచేసినది.

మిగిలినవి వెలుపలి రెండు. వీటిలోను పూర్తి వలయమునకు ఆశ లేకపోయెను. 1975లో ప్రభుత్వము ఒక ఉపాయము పన్నినది. మూడవ వలయపు ఉత్తర, తూర్పు భాగములను, నాలుగవ వలయపు దక్షిణ, పశ్చిమ భాగములను తెచ్చి అతికి, ఒక్క వలయముగా చేసినది. అదియే ఎం-25. పటములో అది గుండ్రముగా లేక ఒకవైపు నొక్కినట్లు కనిపించుట ఈ అతుకువలననే.

ముక్కలు ముక్కలుగా

మొదటి ముక్క 1975లో, చివరి ముక్క 1986లో తెరచిరి. ఆ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన ప్రధానమంత్రి మార్గరెట్ థాచరు వలయమును పూర్తియైనదిగా ప్రారంభించెను. అప్పుడు బాటలో ఎక్కువభాగమునకు ఒక్కొక్క దిక్కునకు మూడు వరుసల చొప్పున ఉండెను.

దారిలో నదులు, అడవులు, రైలుమార్గములు అడ్డువచ్చినవి. ఈశాన్యమున ఎప్పింగు అడవి యున్నది. దానిని కాపాడుటకు 1878 నుండియు ప్రత్యేక శాసనము కలదు. బెల్ కామన్ అనుచోట అడవి అంచును, ఒక క్రికెట్ మైదానమును దాటవలసివచ్చినది. ఇంజనీర్లు అచ్చట నేలను తవ్వి, బాటకు కాంక్రీటు పెట్టె కట్టి, పైన కప్పు వేసి, తిరిగి మట్టి పోసిరి. ఈ సొరంగము 470 మీటర్లు. క్రింద లారీలు పోవుచుండగా పైన పచ్చిక మైదానములో ఆట సాగుచున్నది.

తూర్పున థేమ్సు నదిని డార్ట్‌ఫర్డువద్ద దాటవలెను. అచ్చట 1963లో ఒక సొరంగము, 1980లో రెండవది సిద్ధమయినవి. అవి చాలక 1991లో తీగలతో వ్రేలాడు పెద్ద వంతెనను కట్టిరి. నాటినుండి ఉత్తరమునకు పోవు బండ్లు సొరంగములలో, దక్షిణమునకు పోవునవి వంతెనపై దాటుచున్నవి. ఇచ్చట ఒక విశేషము కలదు. నదిని దాటు ఈ ముక్క శాసనము ప్రకారము ఎం-25లో చేరదు. దానికి వేరు సంఖ్య కలదు. మోటారు మార్గముపై మెల్లగా పోవు బండ్లకు అనుమతి లేదు, నదిని దాటుటకు వాటికి అచ్చట వేరు దారియు లేదు. వాటికొరకు ఈ ముక్కను సాధారణ రహదారిగా ఉంచిరి. ఆ లెక్కను లండను వలయము నేటికిని పూర్తిగా మూసుకొనలేదు!

బాట నిండుట

తెరచిన కొలది యేండ్లలోనే వలయము నిండిపోయినది. రద్దీ ముక్కలపై బండ్ల సంఖ్య నిర్మాతలు వేసిన అంచనాలను దాటి, 1990వ దశకమున రోజునకు రెండు లక్షల వరకు చేరినది. ఇన్ని బండ్లు ఎచ్చటినుండి వచ్చినవి? డోవరు లారీలు మాత్రమే కావు. వలయమునకు దగ్గరి ఊళ్లవారు, పూర్వము చిన్న బాటలలో పోయినవారు, దీనిపైకి ఎక్కిరి. రైలులో పోయినవారు కొందరు కారు తీసిరి. ఒక మూలనున్న ఇంటినుండి వేరొక మూలనున్న కచేరీకి పోవుట సులువైనందున, దూరపు ఉద్యోగమునకు కొందరు ఒప్పుకొనిరి. వలయమున కానుకొనియున్న హీత్రో విమానాశ్రయము తన వంతు బండ్లను పంపినది. నగరముతో పని లేనివారికై వేసిన బాట, తానే వేయి పనులను పుట్టించినది.

దీనిని అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు ఆంథొనీ డౌన్స్ 1962లోనే సూత్రీకరించెను. నగరపు వేగమార్గము ఎంత వెడల్పైనను, రద్దీవేళల బండ్లు దానిని నింపువరకు పెరుగునని అతని భావము. బ్రిటనులో ప్రభుత్వపు సలహా సంఘ మొకటి 1994లో ఈ విషయమును పరిశీలించి, కొత్త బాట కొత్త రాకపోకలను కల్పించుట నిజమే యనియు, బాటలు ముందే నిండియున్నచోట ఇది మరింత హెచ్చనియు తేల్చినది.

నిండిన బాటపై వేగము ఏల పడిపోవును? ఒక వరుసలో గంటకు సుమారు 2,000 బండ్లకంటె పోజాలవు. అనగా రెండు బండ్ల నడుమ రెండు సెకనులకు కొంచెము తక్కువ వ్యవధి. అంత దట్టమైనపుడు ముందున్న ఒకడు బ్రేకు కొంచెము నొక్కినను, వెనుకవాడు మరికొంచెము, వాని వెనుకవాడు ఇంకొంచెము నొక్కును. చివరకు ఎచ్చటనో వెనుక బండ్లు నిలిచిపోవును. బండ్లు ముందుకు పోవుచుండగా ఆగుట అనునది తరంగమువలె వెనుకకు పోవును. ఈ తరంగముల గణితమును 1955లో లైట్‌హిల్, విథమ్ అను శాస్త్రజ్ఞులు ఇచ్చిరి. దాని ఫలము ఎం-25పై 1995లో కనిపించినది. పశ్చిమభాగమున రద్దీ పెరుగుచుండగా దీపపు ఫలకములపై వేగపరిమితిని తగ్గించి చూపిరి. అందరును ఒకే మితవేగముతో పోయినచో బ్రేకులు తగ్గును, తరంగము పుట్టుట తగ్గును.

వెడల్పు చేయుటయు సాగినది. హీత్రో సమీపమున 2005 నాటికి ఒక్కొక్క దిక్కునకు ఐదు, ఆరు వరుసలు వచ్చినవి. ఉత్తరభాగపు విస్తరణ 2012లో ముగిసినది. 2014లో కొన్ని ముక్కలలో, చెడిన బండ్లు నిలుచుటకు విడిచిన అంచును కూడ నడక వరుసగా మార్చిరి. ఇది ప్రాణములకు ప్రమాదమని వాదములు చెలరేగినవి. అట్టి కొత్త పథకములను దేశమంతట నిలిపివేయుచున్నట్లు ప్రభుత్వము 2023లో ప్రకటించినది.

బాట ఎట్లు అరుగును?

చూచుటకు రాతివలె నున్నను బాట బ్రతికియున్న వస్తువువంటిది, దినదినము అరుగును. క్రింద దిమ్మిస వేసి గట్టిపరచిన మట్టి, దానిపై కంకర పొరలు, పైన తారు కలిపిన కంకర లేక సిమెంటు కాంక్రీటు, ఇది దాని కట్టుబడి. స్కాట్లండువాడైన జాన్ మెకాడం రెండువందల యేండ్ల క్రిందటనే దీని మూలసూత్రము చెప్పెను: బరువు మోయునది అసలు నేలయే, అది పొడిగా నున్నంతకాలము ఎంతైనను మోయును. కావుననే బాటను అంచులవైపు వాలుగా వేసి, ప్రక్కన కాలువలు తీయుదురు. పైపొరలో పగులు వచ్చి నీరు దిగినచో క్రింది పొర మెత్తబడును. శీతదేశములలో ఆ నీరు గడ్డకట్టి, ఘనపరిమాణమున నూటికి తొమ్మిదివంతులు పెరిగి, పగులును ఇంకను చీల్చును. నేడు పూడ్చని వెంట్రుకవాసి పగులు, రేపటికి గుంట యగును.

అరుగుదలకు రెండవ కారణము బరువు. అమెరికాలోని ఇలినాయి రాష్ట్రమున 1958 - 1960 నడుమ ప్రత్యేకముగా వేసిన బాటలపై లారీలను రేయింబవళ్లు త్రిప్పి పరీక్షించిరి. ఇరుసుపై పడు బరువు పెరిగినకొలది బాటకు కలుగు నష్టము ఇంచుమించు దాని నాలుగవ ఘాతము ప్రకారము పెరుగునని తేలినది. ఒక టన్ను ఇరుసుకంటె పది టన్నుల ఇరుసు బాటను పదిరెట్లు కాదు, సుమారు పదివేల రెట్లు అరుగదీయును! బాటను నింపునవి కార్లు, అరుగదీయునవి లారీలు.

ఇట్టి బాటను మరమ్మతు చేయుట, నడచుచున్న బండికి చక్రము మార్చుటవంటిది. ఎం-25పై పెక్కు పనులు రాత్రివేళ, ఒకటి రెండు వరుసలు మూసి జరుగుచున్నవి. 2009లో ప్రభుత్వము విస్తరణతోపాటు 30 యేండ్ల పోషణను కలిపి ఒక సంస్థకు అప్పగించినది. పాత పద్ధతిలో కట్టువాడొకడు, కాపాడువాడొకడు. కట్టినవాని లోపము కాపాడువానికి భారమయ్యెడిది. 2024 మార్చి నెలలో ఒక వంతెనను పడగొట్టుటకై పదవ, పదునొకండవ కూడళ్ల నడుమ బాటను ఒక వారాంతమున పూర్తిగా మూసిరి. ముందుగా నిర్ణయించి పగటివేళ రెండు దిక్కులను మూయుట, 1986 తరువాత అదే మొదటిసారి. సుమారు ఎనిమిది కిలోమీటర్ల ఆ ముక్కకొరకు నెలల ముందునుండి దేశమంతట చాటింపు వేయవలసివచ్చినది.

మన చెంత

తెలుగు దేశమునను ఇట్టి వలయము కలదు. హైదరాబాదు చుట్టును 158 కి.మీ. పొడవున ఎనిమిది వరుసలతో నిర్మించిన ఔటర్ రింగు రోడ్డులో మొదటి ముక్క 2008లో గచ్చిబౌలి, శంషాబాదుల నడుమ తెరచుకొనగా, చివరిది 2018లో పూర్తియైనది. నాగపూరు, బెంగుళూరు, విజయవాడ, ముంబయి మార్గముల లారీలు నగరము చొరకుండ దాటిపోవుటకు ఇది తోడ్పడుచున్నది.

లండనునకును దీనికిని ఒక భేదము కలదు. లండను వలయము చాలవరకు ఇండ్లు కట్టకూడని హరిత మేఖలలో నుండుటచే దాని ప్రక్కన నగరము విరివిగా పెరుగలేదు. అయినను బాట నిండినది. హైదరాబాదులో వలయమునకు రెండువైపుల ఒక్కొక్క కిలోమీటరును అభివృద్ధి మండలముగా మొదటనే గుర్తించిరి. నగరము అచ్చటికి రావలెననియే కోరిరి, అది వచ్చినది. పశ్చిమభాగమున నేడు వలయమునకు లోపల, వెలుపల కూడ మేడలు లేచినవి. కావున రానున్న కాలమున ఈ బాటకు దూరప్రయాణపు లారీలతోపాటు, ప్రక్కనే పుట్టిన ఊరి బండ్లను కూడ మోయవలసియున్నది. దానికి వెలుపల 300 కి.మీ. మించిన మరియొక వలయమును వేయు పథకమును కలదు.

2023లో ఈ బాటపై సుంకము వసూలు, పోషణ 30 యేండ్లకు 7,380 కోట్ల రూపాయలకు ఒక సంస్థకు కౌలునకు ఇచ్చిరి. గడువు తీరునాటికి నేడు పదవ తరగతి చదువు విద్యార్థి నడివయస్సున నుండును. ఆ బాట ఏ స్థితిలో తిరిగి చేతికి వచ్చునో ఆ తరమే చూడగలదు. కాలువలు తీసిరా, పగుళ్లు వెంటనే పూడ్చిరా, ఎక్కువ బరువెత్తిన లారీలను ఆపిరా, బాట ప్రక్కన ఎన్ని మేడలకు అనుమతి ఇచ్చిరి అనునవియే దానిని నిర్ణయించును. వలయము గీయుట ఒక తరము పని. అది వలయముగా పనిచేయునట్లు నిలుపుట ప్రతి తరము పని.